43వ ఎపిసోడ్: రసీదు ఎక్కడ దొరికింది?

బావ: నమస్కారం. గంటస్తంభం దగ్గర అదే మేడ మీది గది, అదే ఫ్యాను చప్పుడు. ఈ వారం, విచారణకు ముందు చూపించని సాక్షులు, కాగితాలు.

బామ్మర్ది: ముందు ఒక మాట. పోయిన వారం నన్ను శ్రీకాకుళం వాడన్నావు. 2022 ఏప్రిల్ నుంచి రాజాం విజయనగరం జిల్లాలో ఉంది.

బావ: మళ్లీ మొదలెట్టావా! సివిల్ దావాలో ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు, ఖరారయ్యాక 15 రోజుల్లో సాక్షుల జాబితా ఇవ్వాలి. కాగితాలు వాది దావాతో, ప్రతివాది తన జవాబుతో పెట్టాలి. తర్వాత తెస్తే కోర్టు అనుమతి కావాలి.

బామ్మర్ది: అంతేనా?

బావ: చూపించమని ఆర్డరిచ్చినా చూపించకపోతే వాది దావానే కొట్టేయొచ్చు, ప్రతివాది డిఫెన్సే తీసేయొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 11వ ఆర్డరు, 21వ రూలు. తర్వాత...

బామ్మర్ది: మరి నాన్న మీద వేసిన దావాలో ఆ శిస్తు రసీదు? ఆయన దాచలేదు కదా. బియ్యం డ్రమ్ములో ఉండిపోయింది.

బావ: ట్రంకు పెట్టెలో రా.

బామ్మర్ది: డ్రమ్ములోనే! దానికి పురుగు పట్టింది. ట్రంకులో అమ్మ కలరా ఉండలేసేది, పురుగెలా పడుతుంది?

బావ: ఇదిగో, ఇదే అఫిడవిట్లో రాయాల్సింది! ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరికి. మీ ప్లీడరు "అనివార్య కారణాల వల్ల" అని ఊరుకున్నాడు. ఆలస్యంగా పెట్టడానికి అనుమతి అడిగిన పిటిషన్ పోయింది.

బామ్మర్ది: నువ్వు రాయొచ్చుగా.

బావ: నాకప్పటికి పెళ్లే కాలేదు!

బామ్మర్ది: చూపులకొచ్చావుగా. మూడు ప్లేట్ల జంతికలు తిన్నావు.

బావ: రెండే.

బామ్మర్ది: సాక్షిని పిలవమంటావా?

బావ: (నవ్వు) వద్దులే. అయినా ఒక దారుండేది. అవతలి పక్క సాక్షిని క్రాస్ చేసేటప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, ప్రతివాది ఆ రసీదు ముందు పెట్టొచ్చు. ముందే వేయలేదన్న అభ్యంతరం అక్కడ చెల్లదు. 8వ ఆర్డరు, 1ఎ రూలు.

బామ్మర్ది: ...ఇన్నేళ్లూ చెప్పలేదే.

బావ: నువ్వడగలేదు.

బామ్మర్ది: ఆయన అడిగేవాడు. ప్రతి వాయిదాకీ ఆ రసీదు చొక్కా జేబులో పెట్టుకుని రాజాంలో బస్సెక్కేవాడు.

(కాసేపు ఫ్యాను చప్పుడే)

బామ్మర్ది: అప్పుడది శ్రీకాకుళం జిల్లాయే అనుకో.

బావ: ఉండు, మీ అక్క ఫోను.

బామ్మర్ది: డ్రమ్మా, ట్రంకా అడుగు.

బావ: హలో... లేదు, రాజాం గొడవ కాదు... ఏంటీ? గోడ మేకుకా?