మార్చి 31, మొండి బాకీలు, 47వ పేజీ

అక్క: ఆన్ అయిందా? సరే, నమస్తే, మా తమ్ముడి పురుగుమందుల కొట్టు లెక్కల ముచ్చట్లు ఇవి. పోయినసారి గోనెసంచి గొడవ విని అందరూ మెసేజ్‌లు పెట్టారు, ఇక దాని ఊసెత్తొద్దు.

తమ్ముడు: నువ్వే ఎత్తావక్కా.

అక్క: ఇవాళ ఏడాది చివర రాని బాకీలు. రెండు ముక్కల్లో చెప్తా. రాదనుకున్న బాకీని మార్చి 31లోపు ఆ మనిషి ఖాతాలో కొట్టేసి నష్టం కింద రాయాలి, అమ్మినప్పుడు ఆ సొమ్ము ఆదాయంలో చూపించి ఉండాలి. ఊరికే 'రాకపోవచ్చు' అని ప్రొవిజన్ పెడితే, అంటే ఆ నష్టానికని ముందే కొంత పక్కన రాస్తే, మనలాంటి కొట్లకి పన్ను తగ్గదు. బాకీ మొండిదైందని నిరూపించే బాధ 1989 నుంచే లేదు, 2010లో టీఆర్‌ఎఫ్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టూ అదే అంది.

తమ్ముడు: మరి నేను కట్టిన జీఎస్టీ?

అక్క: మొదలెట్టాడు.

తమ్ముడు: కాదక్కా, పురుగుమందు మీద 18 శాతం, 47వ పేజీ పెద్దాయన నాకా పన్ను డబ్బులివ్వలేదు, నేను మాత్రం పై నెల 20కల్లా కట్టేశా.

అక్క: అది తిరిగి రాదు. సరుకు వెనక్కొస్తేనో, రేటు ఎక్కువ వేస్తేనో క్రెడిట్ నోట్, అంటే బిల్లు తగ్గించే చీటీ, ఇవ్వొచ్చు, డబ్బు ఎగ్గొడితే కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? ముందు ఆవర్జాలో, అదే ఖాతాల పుస్తకంలో, ఆ 47వ పేజీ సంగతి తేల్చు.

తమ్ముడు: దాని జోలికెళ్లకు.

అక్క: 38,400. 2021లో మిరపకి నల్ల తామర పురుగు పట్టినప్పుడు తీసుకెళ్లిన మందులు. అప్పట్నుంచీ ఏటా ముందుకి లాగుతున్నాడండీ వీడు.

తమ్ముడు: పెద్దాయన రోజూ కొట్టు ముందు నుంచే పోతాడు. పేరు మీద ఎర్రగీత కొడితే బాకీ లేదని నేనే రాసిచ్చినట్టు కాదూ?

అక్క: కాదు! నీ పుస్తకంలో కొట్టేస్తే ఆయన బాకీ పోదు, రేపిస్తే ఆ ఏడు ఆదాయంలో చూపిస్తావు, అంతే. నీకు కోర్టు దారి మూసుకుపోయింది మూడేళ్లలో దావా వెయ్యకపోతే పట్టే కాలదోషం వల్ల. గడువులోపు ఒక్క సంతకం తీసుకుని ఉంటే మళ్లీ మూడేళ్లు వచ్చేవి.

తమ్ముడు: 2023 సంక్రాంతికి ఐదొందలిచ్చాడు.

అక్క: ఇచ్చినట్టు సంతకం పెట్టించుకున్నావా?

తమ్ముడు: పండగపూట ఎలా అడుగుతాం? అరిసెలు కూడా తెచ్చాడు.

అక్క: అరిసెలు జమ రాశావా మరి?

తమ్ముడు: నవ్వకు. తామర పురుగు పట్టిన ఆ ఏడు ఐదోసారి కూడా ఆయనకి మందిచ్చింది నేనే. అప్పటికే పక్క చేలవాళ్లు పనిచెయ్యట్లేదని చెప్పిపోయారు. అయినా డబ్బా తీసి బల్ల మీద పెట్టా. పూతంతా రాలిపోయింది.

(కాసేపు మాటల్లేవు)

అక్క: ఇదెప్పుడూ చెప్పలేదేంరా?

తమ్ముడు: ఏం చెప్పమంటావ్.

అక్క: ...సరే. కొట్టెయ్.

తమ్ముడు: కొట్టేస్తాలే. ఆ జీఎస్టీ మాత్రం...

అక్క: ఒరేయ్!

తమ్ముడు: ఉండు, షట్టర్ దగ్గరెవరో పిలుస్తున్నారు. యూరియా అట. రెండు నిమిషాలక్కా, ఆపకు...