రెండు జాబితాల్లో ఒకే పేరు

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల తెలుగు కుటుంబాలతో ఈ రోజు ఓటర్ల జాబితా గురించి మాట్లాడదలచాను. ఎన్నికలనగానే మనకు పోలింగు నాటి బారులు, లెక్కింపు నాటి ఉత్కంఠ గుర్తుకు వస్తాయి గాని, ప్రజాస్వామ్యం ఇంకా వేళ్లూనుకోని దేశాలలో ఎన్నిక నిలిచేదీ చెడేదీ చాలావరకు అంతకు ముందే, జాబితా తయారీ దగ్గరే. 2007లో కెన్యా ఎన్నికల తరువాత చెలరేగిన హింసలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ ఎన్నికపై విచారణ జరిపిన కమిషన్, చనిపోయినవారి పేర్లు లక్షల సంఖ్యలో ఓటర్ల జాబితాలోనే ఉండిపోయాయని తేల్చింది.

మన తొలి సార్వత్రిక ఎన్నికలు 1951–52లో జరిగాయి. జాబితాలు రాయడానికి ఇంటింటికీ వెళ్లిన సిబ్బందికి ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానా వారి భార్యననో, ఫలానా వారి కూతురుననో చెప్పి ఊరుకున్నారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిశ్చయించడంతో సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఆ జాబితాలకెక్కలేదు. నష్టం చిన్నది కాదు. అయినా స్త్రీని స్వయంగా పౌరురాలిగా లెక్కించాలన్న ఆ పట్టుదల సరైనదేనని నా నమ్మకం. ఆయనే 1953లో సూడాన్ తొలి పార్లమెంటు ఎన్నికలు జరిపిన కమిషన్‌కు అధ్యక్షత వహించారు.

ఇక మన సరిహద్దు సంగతి. కొరాపుట్ జిల్లా పొట్టంగి, ఆంధ్రలోని సాలూరు మధ్య కొండల్లో ఉన్న కొటియా గ్రామాలపై వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది, నేటికీ తెగలేదు. అక్కడ ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, ఓటరు కార్డులు కనిపిస్తాయి. 2021లో అక్కడ ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టులో కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. 2024 మే 13న పొట్టంగిలోనూ సాలూరులోనూ ఒకే రోజు పోలింగు జరిగింది.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి ఒక్క నియోజకవర్గంలోనే ఓటరుగా ఉండాలి. 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం సార్వత్రిక ఎన్నికల్లో రెండు లోక్‌సభ స్థానాల్లో ఓటేస్తే ఆ రెండూ చెల్లవు. అయితే కొటియా గిరిజనుడిని ఈ సెక్షన్లతో బెదిరించడం అన్యాయం. భూమి తమదని చూపుకోవడానికి రెండు ప్రభుత్వాలూ పోటీపడి అతని పేరు రాసుకున్నాయి. ఎన్నికల సంఘం సమక్షంలో రెండు రాష్ట్రాల సిబ్బంది కలిసి జాబితా సవరించాలి. ఏ జాబితాలో ఉండాలో ఆ కుటుంబమే ఎంచుకోవాలి. ఆ ఎంపికను సరిహద్దు దావాలో సాక్ష్యంగా వాడకూడదు.

వివాదం లేని ఊళ్లలోనూ ఈ చిక్కు మనకు తెలిసిందే. పార్వతీపురం నుంచి గుణుపురానికి కోడలిగా వచ్చిన అమ్మాయి పేరు పుట్టింటి జాబితాలో అలాగే ఉండిపోతుంది, అత్తవారింట కొత్తగా మరొకటి చేరుతుంది. అలాంటివారు కొత్త ఓటర్లకు ఉద్దేశించిన ఫారం 6 కాక, నివాసం మారినవారి ఫారం 8 నింపి, అందులో పాత ఓటరు కార్డు నంబరు తప్పక రాసి బూత్ స్థాయి అధికారికి ఇవ్వాలి.