కోటు నలగదు, చైను తడవదు: డచ్ సైకిల్‌ని భాగం భాగంగా చూద్దాం

దృశ్యం: ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ వెనక ఫెర్రీ రేవు. పొద్దున్నే ఆఫీసుల వేళ. ఫెర్రీ ఆగగానే సైకిళ్లు బిలబిలమంటూ ఒడ్డుకి వస్తున్నాయి.

ఈ జనాన్ని ఒకసారి పరికించి చూడండి. సూటు వేసుకున్నాయన ఉన్నాడు. మోకాళ్లు దాటిన కోటుతో ఒకావిడ వస్తోంది. ముందు బుట్టలో కూరల సంచి పెట్టుకుని ఒక పెద్దావిడ. సైకిల్ తొక్కడానికని ఎవరూ వేరే బట్టలు వేసుకోలేదు. అంత నిశ్చింత ఇస్తున్నది కాళ్ల కింద ఉన్న బండి. పై కడ్డీ లేని ఈ రకాన్ని అక్కడ ఓమాఫీట్స్ అంటారు, కడ్డీ ఉన్నదాన్ని ఓపాఫీట్స్ అంటారు. ఇందులో ప్రతి భాగం ఎందుకుందో, ఎక్కడ పాడవుతుందో ఈ వీడియోలో చూద్దాం. చదువుకో ఉద్యోగానికో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్ వైపు వెళ్తున్నవాళ్లు చివరిదాకా చూడండి, పంచరు వేసుకోవడం కూడా ఉంది.

దృశ్యం: సైకిల్ పక్క నుంచి. సీటు గొట్టం వాలు మీద గీత.

ముందు కూర్చునే తీరు. సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, హ్యాండిల్ కొమ్ములు వెనక్కి వంగి చేతికి దగ్గరగా వస్తాయి. దాంతో నడుం నిటారుగా నిలబడుతుంది, బరువంతా సీటు మీద పడుతుంది. సీటు అంత వెడల్పుగా ఉండి, కింద స్ప్రింగులు ఉండేది అందుకే. తల ఎత్తుకుని తొక్కుతారు కాబట్టి ట్రామూ కనిపిస్తుంది, పక్క సందులోంచి వచ్చేవాడూ కనిపిస్తాడు. ఇబ్బంది ఎదురుగాలితోనే: అంత నిటారుగా కూర్చున్న మనిషి గాలికి తెరచాపే. పైగా బండి బరువు సుమారు 20 కిలోలు. కాలవల మీది వంతెనలు తప్ప ఎత్తే లేని ఊళ్లు గనక చెల్లిపోతోంది.

మన ఊళ్లలో పాలవాళ్లు, పోస్ట్‌మ్యాన్లు తొక్కిన పెద్ద హెర్క్యులస్, అట్లాస్ సైకిళ్లదీ ఇదే వంశం. అవీ ఇవీ పాత ఇంగ్లిష్ రోడ్‌స్టర్ సైకిల్ నుంచి వచ్చినవే. చీర కొంగు, చున్నీ పుల్లల్లో పడకుండా మనం వెనక చక్రానికి డ్రెస్ గార్డ్ బిగిస్తాం కదా, డచ్ బండికి కోటు కోసం అదే పని చేసే షీటు ఉంటుంది. ట్యూబు వాల్వు కూడా చాలా బళ్లకు మనకు అలవాటైన డన్‌లప్ రకమే.

దృశ్యం: చైన్ కవర్ వెనక ముక్క ఊడదీస్తున్న చేతులు. లోపల శుభ్రంగా ఉన్న చైను.

ఈ బండిలో అసలైన డిజైన్ ఇది. చైను చుట్టూ ముందు నుంచి వెనకదాకా మూసేసిన కవరు. వానా, దుమ్మూ, చలికాలంలో దారుల మీద చల్లే ఉప్పూ చైనుకి తగలవు. బయట తిరిగే చైనుకి ఇసుక, నూనె కలిసి పట్టి పిన్నుల్ని అరగదీస్తాయి, అలా అరిగిన చైను పళ్ల చక్రాల్ని కూడా పాడుచేస్తుంది. మూసి ఉన్న చైను ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది, ప్యాంటు అంచుకి మసి అంటదు. గేర్లు కూడా బయట ఉండవు, వెనక చక్రం మధ్యలో ఉండే హబ్‌లోనే ఉంటాయి: 3, 7 లేదా 8.

దీనికొచ్చే జబ్బు ఒకటే, చైను వదులవడం. తొక్కుతుంటే కవరుకి తగిలి టకటకమంటుంది. కవరు వెనక ముక్క తీసి, చైను కింది వరసని మధ్యలో వేలితో పైకీ కిందికీ కదపండి. 1 నుంచి 1.5 సెంటీమీటర్లు కదిలితే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువైతే 15 మిల్లీమీటర్ల స్పానర్‌తో వెనక యాక్సిల్ నట్లు వదులు చేసి, చక్రాన్ని రెండు వైపులా సమానంగా వెనక్కి లాగి బిగించాలి. మరీ బిర్రుగా బిగిస్తే హబ్ బేరింగుల మీద భారం పడుతుంది. పెడల్ పూర్తి చుట్టు తిప్పి, చైను ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే కొలవండి.

గేరు జారుతుంటే విప్పదీయనక్కర్లేదు. షిమానో కంపెనీ నెక్సస్ హబ్ 3 గేర్లదైతే హ్యాండిల్ మీద 2లో పెట్టండి. హబ్ పక్కన చిన్న కిటికీలో గుర్తు రెండు గీతల మధ్యకి రావాలి. 7, 8 గేర్లవైతే 4లో పెట్టి, హబ్ మీది రెండు రంగు గుర్తులు ఎదురెదురుగా వచ్చేదాకా కేబుల్ సర్దాలి. రెండు నిమిషాల పని.

దృశ్యం: పెడల్ వెనక్కి తొక్కగానే ఆగిన చక్రం. హబ్ కోసి చూపిన బొమ్మ.

చాలా బళ్లకు వెనక బ్రేకు హ్యాండిల్ మీద ఉండదు, పెడల్ వెనక్కి తొక్కాలి. హబ్ లోపలి బ్రేకు ముక్కలు విచ్చుకుని, హబ్ గోడని లోపలి నుంచి పట్టుకుంటాయి. జర్మనీలోని ఫిక్టెల్ అండ్ సాక్స్ కంపెనీ 1903లో టార్పెడో హబ్‌తో ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. రిమ్ తడిసినా దీనికి సంబంధం లేదు.

కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. సిగ్నల్ దగ్గర ఆగాక పెడల్‌ని వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోలేరు, బ్రేకు పడుతుంది. అందుకని ఆగేటప్పుడే ఒక పెడల్ కాస్త ముందుకి, పైకి ఉండేలా చూసుకుని ఆగండి. మరిచిపోతే క్యారియర్ పట్టుకుని వెనక చక్రం లేపి, పెడల్ ముందుకి తిప్పుకోండి. ఇంకో సంగతి మరీ ముఖ్యం: చైను ఊడితే ఈ బ్రేకు ఉండదు. అందుకే ముందు చక్రానికి చేతి బ్రేకు కూడా ఉన్న బండే తీసుకోమని మా గట్టి సలహా. చక్రం బిగించాక హబ్ ఎడమ పక్క ఉండే ఇనుప పట్టీని ఫ్రేముకి బోల్టుతో కట్టారో లేదో చూడండి. అది కట్టకపోతే బ్రేకు వేసినప్పుడు ఆ పట్టీ తిరిగిపోతుంది, యాక్సిల్ కూడా దాంతోపాటే తిరుగుతుంది.

దృశ్యం: చీకటి. ఆగిన తర్వాతా వెలుగుతున్న వెనక లైటు.

లైట్లకి ముందు హబ్‌లో 6 వోల్టుల, 3 వాట్ల డైనమో ఉన్న బండి మేలు. టైరుకి రాసుకునే పాత డైనమో వానలో జారుతుంది. అక్కడి చట్టం ప్రకారం ముందు తెలుపు లేదా పసుపు, వెనక ఎరుపు, రెండూ నిలకడగా వెలగాలి. మిణుకుమిణుకుమనే లైటుకి జరిమానా పడుతుంది. తొక్కుతూ ఫోను చేత్తో పట్టుకోవడం 2019 జులై 1 నుంచి నేరం.

దృశ్యం: వెనక చక్రం మీద గుండ్రటి తాళం, దాంట్లో గుచ్చిన గొలుసు.

తాళాలు రెండు. ఫ్రేముకే బిగించిన గుండ్రటి తాళం చక్రాన్ని ఆపుతుంది, బండిని ఎత్తుకుపోకుండా ఆపలేదు. అందుకని గొలుసు కూడా కావాలి. గొలుసుని ఫ్రేములోంచి దూర్చి స్టాండుకి కట్టండి. ముందు చక్రానికి మాత్రమే కడితే, చక్రం వదిలేసి బండి పట్టుకుపోతారు.

దృశ్యం: వ్యాన్‌మూఫ్ ఎలక్ట్రిక్ సైకిల్. తిన్నని గీతలా పై గొట్టం, దాంట్లోనే లైట్లు.

అందమైన బండి అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇది. టాకో, టీస్ కార్లియర్ అన్నదమ్ములు 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన కంపెనీ. డెలివరీలో దెబ్బ తినకుండా సైకిల్ డబ్బా మీద టీవీ బొమ్మ అచ్చేసిన కంపెనీ కూడా ఇదే. గొట్టంలో కలిసిపోయిన లైట్లు, ఫోనుతో తీసే తాళం, కంటికి కనిపించని వైర్లు. చూపుకి అద్భుతం. కాకపోతే విడిభాగాల్లో చాలావరకు వాళ్లవే. 2023 జులై 17న కంపెనీ దివాలా తీసింది. ఫోను తాళాలు ఏమవుతాయోనని కొన్నవాళ్లు బెంబేలెత్తారు. బెల్జియం కంపెనీ కౌబాయ్ తాళాల కోడ్ దించుకుని దాచుకునే యాప్ ఇచ్చింది. కొన్నాళ్లకి బ్రిటన్‌కి చెందిన లావోయ్ అనే కంపెనీ వ్యాన్‌మూఫ్‌ని కొనేసింది. నూరేళ్లు దాటిన గజెల్లే (1892), బటావస్ (1904) బళ్లకు మాత్రం ఏ వీధి షాపులోనైనా ట్యూబు, కేబుల్, చైను దొరుకుతాయి. పాడైన రోజు ఎవరైనా బాగుచేయగలిగే బండిదే మంచి డిజైన్ అని మేం నమ్ముతాం.

ఏడాది చదువుకే వెళ్తుంటే సైకిల్ అద్దెకిచ్చే స్వాప్‌ఫీట్స్ కంపెనీ చందా కూడా చూడండి. 2014లో డెల్ఫ్ట్‌లో పుట్టింది, ముందు టైరు నీలం రంగులో ఉంటుంది. పాడైతే వాళ్లే బాగుచేస్తారు లేదా మార్చిస్తారు.

పాతది కొంటే ఫ్రేము నంబరు అడిగి, అక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ ఆర్‌డీడబ్ల్యూ వెబ్‌సైటులో దొంగ సైకిళ్ల జాబితాలో ఉందేమో చూడండి. వీధిలో కారుచౌకగా ఇస్తానన్నవాడి దగ్గర కొంటే కొన్నవాళ్లదీ నేరమే. దొంగ సొమ్మని తెలియదన్న మాట చెల్లదు, అంత చౌకకి అనుమానం రావాల్సిందేనంటుంది చట్టం.

దృశ్యం: బండి తలకిందులు. ఎడమ వైపు, చైను లేని పక్క, టైరు లీవర్లు.

ఇక వెనక చక్రం పంచరు. చక్రం ఊడదీయకండి. చైన్ కవరు, గేరు కేబులు, బ్రేకు పట్టీ అన్నీ విప్పాల్సివస్తుంది. కోటు షీటు మాత్రం తప్పించండి. వాల్వు నట్టు తీసి, వాల్వు బయటికి లాగి గాలి పూర్తిగా వదలండి. టైరు అంచుల్ని చుట్టూ నొక్కి రిమ్ మధ్య గాడిలోకి దించండి, అప్పుడే లీవరుకి లొంగుతుంది. ఎడమ వైపు అంచు మాత్రం పైకి తీసి, ట్యూబుని పక్కకి లాగండి. వాల్వు తిరిగి పెట్టి కాస్త గాలి కొట్టి, నీళ్ల గిన్నెలో ముంచితే బుడగలు వచ్చిన చోటు తెలుస్తుంది. తడి లేకుండా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాయండి. వేలికి అంటనంత ఆరేదాకా ఆగాలి, సుమారు 5 నిమిషాలు. తడి మీద ప్యాచీ వేస్తే మర్నాటికే లేస్తుంది. ప్యాచీ వేసి గట్టిగా నొక్కండి.

వెంటనే ట్యూబు పెట్టేయకండి. టైరు లోపల చుట్టూ గుడ్డతో మెల్లగా తడమండి. గాజు ముక్క అక్కడే ఉంటే మళ్లీ అదే చోట పంచరు. ట్యూబులో చారెడు గాలి ఉంచి లోపలికి సర్దండి. టైరు అంచుని వాల్వుకి ఎదుటి పక్క నుంచి ఎక్కించుకుంటూ వచ్చి, వాల్వు దగ్గర ఆఖరున ఎక్కించండి. వాల్వుని ఒకసారి లోపలికి నెట్టి వదిలితే, అంచు కింద నలిగిన ట్యూబు సర్దుకుంటుంది. చుట్టూ ట్యూబు ఎక్కడా బయటికి కనిపించడం లేదని చూసుకుని 4 బార్ల దాకా, అంటే మన లెక్కలో 58 పీఎస్ఐ వరకు గాలి కొట్టండి. టైరు పక్కన రాసి ఉన్న హద్దు మాత్రం దాటకండి.