పైకి పాకే మంట, కిందికి దిగలేని మంట

అందరికీ నమస్కారం.

ఐదు సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు మనిషంత ఎత్తు ఉన్న గాజు గొట్టాన్ని నిలువుగా పెట్టామనుకోండి. అందులో ఉన్నది గాలి, దానిలో 6 శాతం హైడ్రోజన్. అడుగున నిప్పురవ్వ పుట్టిస్తే మంట పైకొస దాకా పాకుతుంది. అదే గొట్టంలో అదే వాయువుకు పైన నిప్పు పెడితే మంట కిందికి దిగదు, ఆరిపోతుంది. పైకి పాకడానికి 4 శాతం హైడ్రోజన్ చాలు. కిందికి దిగాలంటే దాదాపు 9 శాతం కావాలి. మీథేన్‌లో ఈ తేడా చిన్నది, ఒక శాతం కూడా ఉండదు.

ఎందుకిలా? భూమి మంటను నేరుగా పట్టి లాగదు. కాలిన వాయువు వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. అడుగున పుట్టిన మంట ఆ వేడి బుడగ నెత్తిన టోపీలా కూర్చుని దానితోపాటే పోతుంది. పైనుంచి దిగాల్సిన మంటకు ఆ సాయం లేదు. పలచని మిశ్రమంలో దాని సొంత వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. ఈలోగా గోడల పక్కన చల్లబడిన వాయువు బరువెక్కి కిందికి జారుతుంది, మంట చచ్చిపోతుంది.

పైకి పాకింది కదా అని అంతా కాలిపోయిందనుకోకండి. 4, 5 శాతం దగ్గర మంట తునకలుగా లేస్తుంది, చాలా హైడ్రోజన్ కాలకుండానే మిగిలిపోతుంది. ప్రమాదం జరిగితే అణు విద్యుత్ కేంద్రాల్లో హైడ్రోజన్ పేరుకోవచ్చు కాబట్టి, వాటి భద్రత చూసేవాళ్లకు ఇది చాలా ముఖ్యమైన విషయం.

అంటే పుస్తకాల్లో ఉండే 'మండే హద్దు', అంటే మంట పాకడానికి కావాల్సిన కనీస ఇంధన శాతం, కేవలం వాయువు గుణం కాదు, ఆ అంకెలో భూమి ఆకర్షణ కూడా ఉంది. మరి భూమి ప్రభావాన్ని తీసేస్తే?

1944లో సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్దోవిచ్ ఒక వింత మంటను లెక్కగట్టాడు. అది ఎటూ పాకదు, ఉన్నచోటే గుండ్రంగా ఉంటుంది. ఇంధనం నలుదిక్కుల నుంచీ మెల్లగా లోపలికి చేరుతుంది, వేడి బయటికి పోతుంది. కానీ అలాంటి మంట నిలవదని కూడా ఆయనే తేల్చాడు. నలభై ఏళ్ల తర్వాత, 1984లో, పాల్ రానీ అనే శాస్త్రవేత్త నాసా డ్రాప్ టవర్‌లో (వస్తువులను పైనుంచి వదిలి, పడుతున్నంతసేపు బరువులేని స్థితి కల్పించే గోపురంలో) హైడ్రోజన్ మిశ్రమం ఉన్న పెట్టెను జారవిడిచి మంట పెడితే ఆ గోళాలు నిజంగానే కనిపించాయి! కాంతితో పాటు బయటికి పోయే వేడే వాటిని నిలబెడుతోందని తర్వాత అర్థమైంది. అయితే టవర్‌లో బరువులేని సమయం కొన్ని సెకన్లే.

అందుకే 1997లో ఈ ప్రయోగాన్ని అంతరిక్షంలో తిరిగే స్పేస్ షటిల్‌లోకి తీసుకెళ్లారు. ప్రయోగానికి పెట్టిన 500 సెకన్ల గడువు ముగిసేసరికి గోళాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. 2003 జనవరిలో కొలంబియా అనే షటిల్‌లో మళ్లీ చేశారు. ఆ సిబ్బందిలో మన కల్పనా చావ్లా ఉన్నారు. చిన్న కుదుపుకు కూడా గోళాలు పక్కకు జరిగిపోతాయి కాబట్టి ప్రయోగం సాగినంతసేపూ షటిల్‌ను దాని మానాన తేలనిచ్చేవారు. వ్యోమగాములు గోళాలకు పేర్లు పెట్టుకున్నారు. వాటిలో 'కెల్లీ' 81 నిమిషాలు వెలిగింది. ఇలాంటి గోళం ఇచ్చే వేడి ఒకటి రెండు వాట్లే. పుట్టినరోజు కేకు మీద పెట్టే కొవ్వొత్తి అయినా దాదాపు 50 వాట్లు ఇస్తుంది.

ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగి రాలేదు. కొలతల్లో చాలా భాగం మాత్రం అంతకుముందే రేడియో ద్వారా నేలకు చేరింది.