సశేషం దగ్గర ఆపడం

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు పిలిచి, "ఇంగ్లీషు నవలల గురించి చెప్పండి సార్" అన్నారు. నాకు మైకు ఇస్తే చార్లెస్ డికెన్స్ అనే ఇంగ్లీషు నవలాకారుడి దగ్గరే ఆగిపోతాను, ముందే చెబుతున్నా.

అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లో హైస్కూలు మాది. పిల్లల ఇళ్లవాళ్లలో సగంమంది ఉప్పు మళ్లకో, వేటకో పోయేవాళ్లే. మొదట్లో ఇంగ్లీషు పాఠం నేనూ అందరిలాగే చెప్పాను. పేరా చదవడం, బోర్డు మీద అర్థాలు రాయడం, ప్రశ్నలకు జవాబులు రాయించడం. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. తర్వాత ఏమైందని మాత్రం ఒక్కరూ అడిగేవాళ్లు కాదు.

డికెన్స్ నవల గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ మొదట పుస్తకంగా రాలేదు. తను నడిపే వారపత్రికలోనే 1860 డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు దాకా 36 వారాలు సీరియల్‌గా వేశాడు. మన అమ్మలు వారపత్రికలో 'సశేషం' చూసి ఉసూరుమనేవాళ్లే, అలాగే అక్కడి జనమూ ఎదురుచూశారన్నమాట. మరి సీరియల్‌ని సీరియల్‌గానే చెబితే పోలా? తొమ్మిదో తరగతికి శనివారం చివరి పీరియడ్ దానికే ఇచ్చేశాను. హెడ్మాస్టరుగారు సిలబస్ సంగతి అడిగితే "స్పోకెన్ ఇంగ్లీషండీ" అన్నాను. అబద్ధమేం కాదు.

కథ తెలుగులో నడిపిస్తా. మంచి చోటు రాగానే పుస్తకం తీసి ఇంగ్లీషులో గట్టిగా చదువుతా. అర్థాలు చెప్పను, గొంతు మారుస్తా. మొదటి అధ్యాయంలో పిప్ అనే పిల్లాడు సమాధుల మధ్య ఒక్కడే ఉంటాడు. కాలికి సంకెల ఉన్న ఖైదీ ఒకడు మీదపడి ఆకురాయి, తిండి తెమ్మంటాడు. చుట్టూ ఇంగ్లండులోని కెంట్ తీరపు చిత్తడి నేల, మంచు. దాన్ని వర్ణించడానికి నేనేం కష్టపడలేదు. ఖైదీ ఏ కాలవ గట్టు కింద దాక్కున్నాడో కూడా మావాళ్లే చెప్పారు!

ఇరవై ఏడో అధ్యాయం వచ్చిన శనివారం మాత్రం మరిచిపోలేను. పిప్‌ని పెంచింది అక్కాబావలు. బావ జో, కమ్మరి. ఎవరిదో డబ్బుతో పిప్ లండన్ వెళ్లి దొరబాబు అయిపోతాడు. జో చూడ్డానికి వస్తాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక చలిమంట గట్టు మీద పెడితే మాటిమాటికీ జారి పడుతుంది. పిల్లలు ఒకటే నవ్వు. అంతలో జో, తను పెంచిన పిల్లాణ్ణి "సార్" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. (అది చదివినప్పుడల్లా, నెల్లూరు హాస్టలుకి చేపల పులుసు క్యారేజీతో వచ్చిన మా నాన్న గుర్తొస్తాడు. ఆ సంగతి ఇక్కడ వద్దులెండి.)

చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "సార్, పిప్ సిగ్గుపడతన్నాడని వాళ్ల బావకి తెలిసిపోయిందా?"

జవాబు ఆ అధ్యాయం చివర్లోనే ఉంది. నేను పుస్తకం మూసేశాను. పాపమే, ఒప్పుకుంటా.

సోమవారం పొద్దున్నే ఆ పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి పుస్తకం అడిగింది. ట్రంకు రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కాపీ, ఇచ్చేశాను. ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆ ఏడు మిగతా కథంతా గుర్తున్నంత మటుకు చెప్పుకొచ్చాను. తప్పు చెప్పినప్పుడల్లా చివరి బెంచీ నుంచి "అట్ట కాదు సార్" అని వినపడేది.