రోము మాటలు, రోము అధికారం

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికలొస్తే గోడలకు తీరిక ఉండదు. రెండు వేల ఏళ్ల నాడు ఇటలీలోని పాంపే పట్టణంలోనూ ఇదే వరస. క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఊరంతా బూడిదలో పూడిపోబట్టి ఆ గోడ రాతలు మనకు మిగిలాయి. వాటియా అని ఒకాయన ఈడైల్ పదవికి నిలబడ్డాడు. ఈడైల్ అంటే వీధుల బాగోగులు, అంగళ్లలో తూనికలు చూసే అధికారి. వాటియాను గెలిపించమని చిల్లర దొంగలు కోరుతున్నారని ఒక గోడ మీద, పొద్దుపోయేదాకా తాగే వాళ్లందరూ కోరుతున్నారని ఇంకో గోడ మీద రాసి ఉంది. గిట్టనివాళ్ల పనే అయి ఉంటుంది!

మనం వాడే కాండిడేట్ అనే మాట కూడా రోము సరుకే. లాటిన్‌లో కాండిడస్ అంటే తళతళలాడే తెలుపు. పోటీకి దిగినవాడు తన టోగాకు సుద్ద పట్టించి, మెరిసిపోతూ బజారులోకి వచ్చేవాడు. టోగా అంటే పౌరులు ఒంటికి చుట్టుకునే పెద్ద ఉన్ని వస్త్రం. పక్కనే ఒక బానిస నడుస్తూ, ఎదురొచ్చే మనిషి పేరు చెవిలో ఊదేవాడు. అయ్యగారు వెంటనే ఎన్నాళ్ల పరిచయమో అన్నట్టు ఆ పేరుతో పలకరించేవారు. ఇలా పేర్లు అందించేవాడికి నోమెన్‌క్లేటర్ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే, మెట్టు మెట్టు ఎక్కి చివరికి కాన్సుల్ కావడానికి. కాన్సుల్‌ది అందరికంటే పెద్ద పదవి. కానీ గడువు ఒక్క ఏడాదే, పైగా ఆ కుర్చీ ఇద్దరిది. ఒకరు చేయబోయే పనిని రెండోవారు ఆపేయవచ్చు. రాజులను తరిమేసిన జనం కదా, ఒక్కడి చేతిలో అధికారం పెట్టాలంటే వాళ్లకు వణుకు. కాన్సుల్ ముందు పన్నెండుమంది భటులు బెత్తాల కట్టలు భుజాన వేసుకుని నడిచేవారు. ఆ కట్టల్లో గొడ్డలి కూడా ఉండేది. రోము నగరంలో అడుగుపెట్టగానే దాన్ని తీసేయాలి. ఊళ్లో పౌరుడి తల తీసే హక్కు నీకు లేదని అందరికీ కనబడేలా చెప్పడమన్నమాట.

పాత పెద్దింటివాళ్లు పాట్రీషియన్లు, తక్కినవాళ్లు ప్లెబియన్లు. క్రీస్తు పూర్వం 494లో ప్లెబియన్లు పనీపాటా వదిలేసి, ఊరు విడిచి కొండెక్కి కూర్చున్నారని రోమన్లు చెప్పుకునేవారు. వాళ్లను దింపడానికి ఒప్పుకున్న పదవి ట్రిబ్యూన్. ట్రిబ్యూన్ ఒంటిమీద చెయ్యి వేస్తే మహాపాపం. అతని ఇంటి తలుపు రాత్రింబవళ్లు తీసి ఉండాలి, ఆపదలో ఉన్నవాడు ఎప్పుడైనా వచ్చి పడవచ్చు. కాన్సుల్ ఆజ్ఞనైనా సరే అడ్డుకునే బలం అతనికుంది. అదే వీటో. లాటిన్‌లో 'వద్దంటున్నాను' అని.

డిక్టేటర్ అనేది మొదట్లో తిట్టు కాదు. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఆరు నెలలు మించకుండా ఒకరికే పగ్గాలిచ్చేవారు. సిన్సినాటస్ అనే రైతు నాగలి వదిలి వచ్చి, శత్రువును ఓడించి, పదహారో రోజున పదవి దింపుకుని పొలానికి వెళ్లిపోయాడని కథ. ఆ ఆరు నెలల హద్దు చెరిపేసినవాడు సుల్లా అనే సేనాని. జూలియస్ సీజర్ ఏకంగా జీవితాంతం డిక్టేటర్ అనిపించుకున్నాడు. కొద్ది వారాల్లోనే, క్రీస్తు పూర్వం 44 మార్చి 15న, సెనేటర్లు, అంటే సెనేట్ అనే పెద్దల సభలోని వాళ్లు, కత్తులతో పొడిచి చంపారు.

అంతకు పదిహేనేళ్ల ముందటి ముచ్చటొకటి చెప్పాలి. రోమన్లు ఏడాదిని ఆ యేటి ఇద్దరు కాన్సుల్‌ల పేర్లతో పిలిచేవారు. క్రీస్తు పూర్వం 59లో సీజర్, బిబులస్ కాన్సుల్‌లు. సీజర్ ధాటికి తట్టుకోలేక బిబులస్ ఇంట్లో తలుపేసుకున్నాడు. ఊళ్లో చమత్కారులు దాన్ని 'జూలియస్, సీజర్‌ల సంవత్సరం' అన్నారు. ఇద్దరుండాలన్న నియమం కాగితం మీద భద్రంగానే ఉంది మరి!

ఆ కిటుకును బాగా పట్టినవాడు సీజర్ దత్తపుత్రుడు అగస్టస్. రాజు అనలేదు, డిక్టేటర్ అనలేదు. జనం ఇస్తామన్నా ఆ డిక్టేటర్ పదవి వద్దన్నాడు. నేను ప్రిన్‌సెప్స్‌ను, అంటే పౌరుల్లో మొదటివాణ్ణి, అంతేనన్నాడు. పాట్రీషియన్ గనుక ట్రిబ్యూన్ కాలేడు. అయినా ట్రిబ్యూన్ పదవి లేకుండానే దాని అధికారమంతా పుచ్చుకున్నాడు. సెనేట్ కూర్చుంటూనే ఉంది, కాన్సుల్‌లు ఏటేటా వస్తూనే ఉన్నారు. సైన్యం మాత్రం ఆయన మాటే వినేది.

ఆయన పోయాక అయిదు వందల ఏళ్లు దాటినా కాన్సుల్‌లను నియమిస్తూనే ఉన్నారు. చక్రవర్తులు కానివాళ్లలో చివరిగా క్రీస్తు శకం 541లో, చాలా దూరాన కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, బసీలియస్ అనే ఆయన ఆ పదవి చేపట్టాడు. ఆ ఏడాది కాన్సుల్ ఆయనొక్కడే. రెండో పేరు లేదు.