ముందు బాకీ, ఆ తర్వాతే ప్రేమ

శ్రోతలకు నమస్కారం.

చిన్న ఊళ్లో తప్పు చేసి, ఊరు వదిలి, ఏళ్లు గడిచాక తిరిగి వెళ్లాలనుకునేవాళ్లు ఎంతోమంది. ఒకరు అప్పు ఎగ్గొట్టి ఉంటారు. ఒకరు పెళ్లి మాట ఇచ్చి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయి ఉంటారు. ఇంకొకరు స్నేహితుడి మీద నింద పడుతుంటే నిజం తెలిసీ నోరు మెదపకుండా ఉండి ఉంటారు. వీళ్లలో చాలామంది మనసులో రెండు కోరికలు పెనవేసుకుని ఉంటాయి. చేసినదానికి క్షమాపణ చెప్పుకోవాలని ఒకటి, అక్కడ వదిలేసిన ప్రేమ మళ్లీ దొరకాలని రెండోది. ఈ రెండింటినీ విడదీయకుండా వెళ్తే రెండూ చెడతాయి. ప్రేమ కోసం చెప్పిన క్షమాపణ బేరంలా వినిపిస్తుంది. క్షమాపణ వల్ల దొరికిన ప్రేమలో ఒకరు ఎప్పటికీ దోషిగానే మిగిలిపోతారు. అందుకే బాకీ ముందు తీరాలి, ప్రేమ సంగతి తర్వాత చూడాలి.

బయల్దేరే ముందే చేయాల్సిన పని ఉంది. ఒక కాగితం తీసుకుని ఎవరికి అన్యాయం జరిగిందో ఒక్కొక్కరి పేరూ రాయండి. పేరు పక్కన మీరేం చేశారో ఒకే వాక్యంలో రాయండి, ఆ వాక్యంలో కర్త మీరే కావాలి. "మా మధ్య దూరం పెరిగింది" అని రాస్తే పని జరగనట్టే. "నేను ఆమెకు మాట ఇచ్చి, కబురైనా పంపకుండా వెళ్లిపోయాను" అని రాయాలి. ఆ పక్కన, దానివల్ల వాళ్లకు ఏం నష్టం జరిగిందో రాయండి: డబ్బు, పరువు, చదువు, పోయిన ఏళ్లు. చివరగా, ఇప్పుడు మీరు ఇవ్వగలిగింది ఏమిటో రాయండి. మనసులో అనుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. 1990లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు కలిసి ఒక పరిశోధన చేశారు. ఎదుటివాళ్లకు కోపం తెప్పించిన సంఘటన ఒకటి, తమకు కోపం వచ్చిన సంఘటన ఒకటి రాయమని ఒకే మనుషులను అడిగారు. తప్పు చేసినవాళ్లుగా రాసినప్పుడు దానికి కారణాలు చెప్పారు, అది ఎప్పుడో ముగిసిపోయిందన్నారు. బాధపడ్డవాళ్లుగా రాసినప్పుడు ఆ దెబ్బ ఇంకా సాగుతూనే ఉందన్నారు. రాసినవాళ్లు ఒకరే, వాళ్లు కూర్చున్న చోటు మారింది, అంతే. మీ తప్పు మీ జ్ఞాపకంలో చిన్నదిగా కనిపించడానికి కారణం ఇదే. మీకు గుర్తున్నదాని కన్నా అది పెద్దదనే లెక్కతోనే బయల్దేరండి.

ఆ జాబితాలో కొన్ని పేర్ల దగ్గర ఆగాలి. మీరు కలవడం వల్లే వాళ్లకు కొత్త హాని జరుగుతుందేమో చూడాలి. మద్యం వ్యసనం నుంచి బయటపడేవాళ్ల కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ 1939లో అచ్చువేసిన పన్నెండు మెట్లలో ఎనిమిదోది, నష్టపోయినవాళ్ల జాబితా రాయడం. తొమ్మిదోది, నేరుగా కలిసి నష్టాన్ని సరిదిద్దుకోవడం. ఆ తొమ్మిదో మెట్టులోనే ఒక మినహాయింపు ఉంది: అలా కలవడం వాళ్లకో మరొకరికో గాయం చేస్తుందనిపిస్తే వద్దు అని. పాత సంబంధం గురించి ఏమీ తెలియని కుటుంబంతో ఒక మనిషి ప్రశాంతంగా బతుకుతుంటే, మీరు గుమ్మంలో నిలబడి ఏడవడం మీకు ఊరట, వాళ్లకు ఉపద్రవం. మీవల్ల భయపడి బతికినవాళ్లు, మీ చేతి దెబ్బ తిన్నవాళ్లు అసలు మీ మొహమే చూడకూడదనుకోవచ్చు. ఆ కోరికను మన్నించడమే అక్కడ మీరు చేయగలిగిన పరిహారం. చేసిన పని చట్టం కింద నేరమైతే ఎవరినైనా కలవడానికి ముందు న్యాయవాదితో మాట్లాడండి.

తర్వాత కబురు. చెప్పకుండా ఇంటిముందు ప్రత్యక్షం కావద్దు. తలుపు తీసిన మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉండదు, పక్కింటివాళ్లు చూస్తుంటే కాదనే వీలూ ఉండదు. ఉత్తరమో సందేశమో నాలుగైదు వాక్యాల్లో పంపండి. "నేను ఫలానా. ఫలానా విషయంలో మీకు అన్యాయం చేశాను. అది మీ ఎదుట ఒప్పుకుని, సరిదిద్దగలిగింది సరిదిద్దాలని ఉంది. కలవడం ఇష్టం లేకపోతే జవాబు ఇవ్వనక్కర్లేదు, మళ్లీ కదిలించను." ఇంతకు మించి రాయకండి. జవాబు రాకపోతే రెండోసారి పంపకండి, రాయబారులను అసలే పంపకండి. చిన్న ఊళ్లో మధ్యవర్తి వెళ్లాడంటే సాయంత్రానికల్లా నలుగురికీ తెలిసిపోతుంది, మీరు అన్యాయం చేసిన మనిషి మీద క్షమించమనే ఒత్తిడి మొదలవుతుంది. పండగలు, పెళ్లిళ్లు, కర్మకాండల రోజులు ఎంచుకోకండి. అక్కడ జనం ముందు ఎవరూ నిజమైన జవాబు చెప్పలేరు. ముందుగా ఎవరిని కలవాలనేదీ ముఖ్యమే. అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాళ్లతోనే మొదలుపెట్టండి. చిన్న తప్పులతో మొదలుపెడితే మీరు వచ్చిన సంగతి ఇతరుల నోట వాళ్ల చెవిన పడుతుంది, అది మరో అవమానం.

కలిసే చోటు, సమయం వాళ్లు చెప్పినట్టే. అరగంట చాలు. మాట మీరు మొదలుపెట్టినా ఎక్కువసేపు మాట్లాడాల్సింది వాళ్లు. 2005లో సింథియా ఫ్రాంట్జ్, కోర్ట్నీ బెనిగ్సన్ అనే ఇద్దరు చేసిన మనస్తత్వ శాస్త్ర పరిశోధనలో తేలింది కూడా అదే: బాధపడ్డ మనిషికి తన బాధ చెప్పుకునే అవకాశం దొరికి, ఎదుటివాళ్లకు అది అర్థమైందనిపించాక చెప్పిన క్షమాపణ, తొందరపడి ముందే చెప్పినదానికన్నా బాగా పనిచేస్తుంది. ఇక క్షమాపణలో ఏముండాలనేది 2016లో అమెరికా ప్రొఫెసర్ రాయ్ లెవికీ బృందం పరీక్షించింది. విచారం, జరిగినదానికి వివరణ, బాధ్యత ఒప్పుకోవడం, ఇకపై అలా చేయననడం, నష్టం పూడుస్తాననడం, క్షమించమని అడగడం, ఈ ఆరింటిలో బాధ్యత ఒప్పుకోవడమే అన్నిటికన్నా బరువైనదని తేలింది. రెండో స్థానం నష్టం పూడుస్తాననే మాటది. అన్నిటికన్నా తేలిగ్గా తూగింది, క్షమించమని అడగడం. మనవాళ్లు చాలామంది సరిగ్గా ఆ చివరిదాన్నే పట్టుకుని కాళ్లమీద పడతారు. క్షమించమని అడగడమంటే, బాకీపడ్డ మనిషే మళ్లీ చేయి చాచడం. ఆ అడగడాన్ని వదిలేయండి.

మాటలు ఎక్కడ బెడిసికొడతాయో గుర్తుపెట్టుకోండి. "నీకు బాధ కలిగి ఉంటే" అన్న క్షణంలో ఆ బాధ నిజమా కాదా అని మీరే సందేహం పెట్టినట్టు. "అప్పుడు చిన్నవాణ్ణి" అనేది నిజమే కావచ్చు, కానీ అది వాళ్లు అనాల్సిన మాట, మీరు అనాల్సింది కాదు. వాళ్లు సంవత్సరం తప్పు చెప్పినా, ఎవరు ముందు అరిచారో తారుమారు చేసినా సరిదిద్దకండి. మీ కన్నీళ్లు ఆగకపోతే కాసేపు బయటికి వెళ్లి రండి. లేదంటే వాళ్లే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. వాళ్లు మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మాటలతో నింపకండి. లేచే ముందు, ఏం చేయబోతున్నారో, ఏ తేదీలోగా చేస్తారో చెప్పి లేవండి.

డబ్బు బాకీ ఉంటే మాటలకన్నా ముందు లెక్క తేలాలి. అసలు ఒక్కటే తెస్తే సగం తెచ్చినట్టు. ఆ డబ్బు లేక వాళ్లు బయట వడ్డీకి తెచ్చుకుని ఉండొచ్చు, ఏదో అమ్ముకుని ఉండొచ్చు. ఎంత నష్టపోయారో వాళ్లనే అడిగి, ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు కాగితం మీద రాసి సంతకం పెట్టండి. మీరు మోయగలిగిన వాయిదాకే ఒప్పుకోండి. మూడో నెలలో వాయిదా తప్పితే మొదటి ద్రోహం రెండోసారి జరిగినట్టే అవుతుంది, ఆపైన మీ మాటకు విలువే ఉండదు. అప్పిచ్చిన మనిషి చనిపోయి ఉంటే ఆ డబ్బు వారసులది, వాళ్లకే చెల్లించాలి.

పరువు పోగొట్టిన సందర్భం వేరు, చాలామంది అక్కడే సగంలో ఆగిపోతారు. పదిమందిలో నింద వేసి, నాలుగు గోడల మధ్య క్షమాపణ చెబితే నష్టం అలాగే ఉండిపోతుంది. అబద్ధం ఎవరెవరి చెవిన పడిందో నిజం వాళ్ల చెవినే పడాలి. కాకపోతే ముందు ఆ మనిషి అనుమతి తీసుకోవాలి. అందరూ మరిచిపోయిన నిందను మళ్లీ తవ్వడం ఇష్టం లేకపోవచ్చు. అనుమతి ఇస్తే, అప్పట్లో నమ్మినవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "ఆ పని చేసింది నేను, ఆయన కాదు" అని చెప్పండి. ఎందుకు చేశారనే కథ అక్కడ అనవసరం.

ఇన్ని చేసినా క్షమించకపోవచ్చు. అప్పుడూ ఇచ్చిన మాట ప్రకారం బాకీ తీర్చాలి. క్షమిస్తేనే తీరుస్తాననడం మొదటినుంచీ బేరమే అని ఒప్పుకోవడం. ఒకసారి క్షమించినవాళ్లకు మళ్లీ కోపం రావచ్చు, అది కపటం కాదు. పాత గాయం ఒకే విడతలో మానదు.

ఇప్పుడు ప్రేమ సంగతి. పాత ప్రేమ అంతగా లాగడానికి ఒక కారణం జ్ఞాపకం పనిచేసే తీరులో ఉంది. పదేళ్ల వయసు నుంచి ముప్పై లోపు జరిగినవి మనిషికి తక్కిన కాలంకన్నా ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు ఎన్నోసార్లు చూపించాయి. కాబట్టి మీరు ప్రేమిస్తున్నది ఎదురుగా ఉన్న మనిషినా, అప్పటి వయసునా అన్నది తేల్చుకోవాలి. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కలిసినప్పుడు మీ మాటలన్నీ పాత రోజుల చుట్టూనే తిరుగుతుంటే అది జ్ఞాపకమే. మీరు లేని ఏళ్లలో వాళ్లు ఏం చేశారు, ఎవరిని పోగొట్టుకున్నారు, ఏ అభిప్రాయాలు మార్చుకున్నారు అని అడగాలనిపించి, జవాబు మీకు నచ్చకపోయినా వినబుద్ధయితే అది ఈనాటి మనిషి మీద ఇష్టం.

విడిపోయి మళ్లీ కలిసిన జంటల గురించి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త నాన్సీ కాలిష్ ఏళ్ల తరబడి వివరాలు సేకరించారు. ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు అలాంటి కలయికలు నిలబడే అవకాశం ఉందని చెబుతూనే, ఇప్పటికే పెళ్లయినవాళ్లు సరదాగా పలకరిద్దామని పాత ప్రేమను వెతకవద్దని ఆమె గట్టిగా హెచ్చరించారు. ఇద్దరిలో ఒకరికి సంసారం ఉన్నా పలకరింపు దగ్గరే ఆగిపోండి. చాటుమాటు సందేశాలు మొదలయ్యాయంటే మీ జాబితాలో కొత్త పేర్లు చేరుతున్నట్టే.

ఇద్దరికీ ఏ బంధమూ లేకపోయినా, క్షమాపణ చెప్పిన రోజున ప్రేమ మాట ఎత్తకండి. ఆ రోజు ఒకరిలో అపరాధ భావం, ఇంకొకరిలో కోపమో జాలో ఉంటాయి. ఆ వేడిలో అవును అన్నా కాదు అన్నా నిలవదు. మీ నివాసం, సంపాదన మీవిగా ఉండి, కొన్ని నెలలు మామూలు రోజులు గడవనివ్వండి. ఒంట్లో బాగాలేని రోజు, పని కుదరని రోజు, విసుగు పుట్టే రోజు కూడా వాళ్లు మిమ్మల్ని చూడాలి. ఒకసారి వదిలి వెళ్లిన మనిషి విషయంలో నమ్మకం పెద్ద మాటలతో రాదు, ఆరింటికి వస్తానని ఆరింటికే రావడంతో వస్తుంది.

ప్రేమ కొత్త మనిషితో అయితే, మీ గతం మీ నోటనే ముందు తెలియాలి. చిన్న ఊళ్లో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ఆలస్యం చేస్తే పని వాళ్లే చేసేస్తారు. బంధం మాట ఇచ్చేదాకా రాకముందే, కాగితం మీద మీరు రాసుకున్న ఆ వాక్యాన్నే, మెత్తబరచకుండా చెప్పండి. వివరాలు అడిగితే చెప్పండి, అడగకపోతే ఆగండి. మీరు అన్యాయం చేసిన మనిషితో మాట్లాడి తెలుసుకుంటానంటే అడ్డుచెప్పకండి.

మీ ప్రేమను కాదన్నారనుకోండి, మీరు ఆ ఊళ్లోనే ఉండిపోవాలనుకున్నారనుకోండి. ఎదురుపడితే తల ఊపి మీ దారిన వెళ్లండి. వాళ్లు తరచూ వెళ్లే చోట్లు కొన్నాళ్లు వాళ్లకే వదిలేయండి. వాళ్ల గురించి మూడో మనిషిని ఏమీ అడగకండి. వాయిదాలు మిగిలి ఉంటే మాత్రం అనుకున్న తేదీకే అందనివ్వండి.

నమస్కారం.